పూర్తిగా ఆపరాదు

నవంబరు 6, గురువారం

ఆపగలిగి కూడా ఒక మనిషిని ఆపకపోతే దాన్ని గౌరవం అనాలా, బద్ధకం అనాలా? పెళ్లయిన కొత్తలో మొదలైన ప్రశ్న ఇది. ఇన్నేళ్లలో ఆయన విషయంలో, అమ్మాయి విషయంలో, చివరికి మా ప్రచురణ సంస్థకి పేజీలకి పేజీలు సాగదీసి పంపే రచయితల విషయంలో కూడా వేసి చూశాను. జవాబు దొరకలేదు. ఇవాళ మళ్లీ లేచి కూర్చుంది.

పొద్దున కారు తీస్తుంటే వాకిట్లో రాళ్లు. బూడిదరంగు గులకరాళ్లు. మా వీధిలో ఎక్కడా అలాంటివి లేవు. వంగి చూస్తే చక్రాల వెనక ఇంకా కొన్ని ఇరుక్కుని ఉన్నాయి. అమ్మాయిని కాలేజీ దగ్గర దింపి వచ్చి, గుప్పెడు ఏరి ఆయన కాఫీ కప్పు పక్కన పోశాను.

"ఇవెక్కడివి?"

"రేసు ట్రాక్ మలుపుల దగ్గర పోస్తారు. కారు అదుపు తప్పితే అందులోకి వెళ్లి ఆగిపోవాలని."

"అదుపు తప్పిందా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

ఆయన కప్పుని అటూ ఇటూ తిప్పాడు. "తొక్కుతూనే ఉన్నా. పెడల్ గట్టిగానే ఉంది. కారే ఆగనంది. బ్రేకు ప్యాడ్లు మరీ వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. పైగా అవి అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వేస్తే సరిపోతుంది."

ఆదివారం ఇంటికొచ్చి, ఎలా జరిగిందంటే "బ్రహ్మాండం" అన్న మనిషి.

నేను అరవలేదు. అరవాల్సింది. ఇక వెళ్లొద్దనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. "ఏం ప్యాడ్లు వేస్తారు?" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన రాళ్లను వేలితో ఒక వరసలో పేర్చాడు. "నువ్వే ఎంచుకో. రోడ్డువి వేయిస్తే ఇరవై మూడున ట్రాక్‌కి వెళ్లను. వాటితో వెళ్లడం పిచ్చితనం. ట్రాక్‌వి వేయిస్తే వెళ్తాను. నువ్వేదంటే అది. ఒట్టు."

కళ్లజోళ్ల దుకాణం ఆయనది. రోజంతా జనం కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి "ఇదా, ఇదా? ఏది బాగా కనిపిస్తోంది?" అని అడుగుతాడు. ఇవాళ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

నవంబరు 7, శుక్రవారం

ఇంట్లో ఉన్నది ఒకటే కారు. పాతది అమ్మేసి ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నది. ఆదివారం రేసు గుర్రం, మిగతా వారమంతా అమ్మాయి పుస్తకాలూ నా ప్రూఫు కట్టలూ మోసే గాడిద. నేలని కరుచుకుని ఉంటుంది కాబట్టి అత్తయ్య దాన్ని "బల్లి" అంటుంది. "బల్లిలోంచి నన్ను లేపాలంటే ఇద్దరు కావాలి" అని సణుగుతూనే ముందు సీటు ఎవరికీ ఇవ్వదు.

ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకి వెళ్లాను. షెడ్డు యజమానిని ఆయన స్నేహితులంతా మంత్రిగారు అంటారు. ఏదడిగినా హామీ ఇస్తాడు, ఏదీ అన్న రోజుకి చెయ్యడు. బెంచీ మీద రెండు డబ్బాలు పెట్టాడు.

"వదినగారూ, ఇవి ఇంటివి. ఇవి దెయ్యాలు. ఇంటివి పొద్దున్నే మొదటి తొక్కుకే ఆగుతాయి, నోరెత్తవు. కాకపోతే ట్రాక్ మీద నాలుగు రౌండ్లకే చేతులెత్తేస్తాయి. దెయ్యాలని ఎంత కాల్చినా పట్టు వదలవు. కాకపోతే చల్లగా ఉన్నప్పుడు కాస్త బద్ధకం. వేడెక్కితే గానీ మాట వినవు. ఇంకా, కూస్తాయి."

"వేడెక్కేలోపు ఎవరైనా అడ్డమొస్తే?"

"కొద్దిగా గట్టిగా తొక్కండి. పూచీ నాది."

"పోనీ ఇంటివి వేసుకుని ట్రాక్ మీదకి వెళ్తే?"

"దానికీ పూచీ నాదే," అన్నాడు, ఊపిరి కూడా తీసుకోకుండా.

మధ్యరకం లేవా అని అడిగాను. నేను ఏ కొట్టుకి వెళ్లినా అడిగే మొదటి ప్రశ్న అదే. ఉన్నాయట, ఈ కారుకి సరిపడే కొలతలో రావట.

దెయ్యాల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. కొత్త ప్యాడ్లని ఎలా అలవాటు చెయ్యాలో రాశారు. వేగంగా వెళ్లి గట్టిగా తొక్కాలి, బాగా నెమ్మదించాక కాలు తీసి మళ్లీ వేగం అందుకోవాలి, మళ్లీ తొక్కాలి. అలా కొన్నిసార్లు చేస్తే ప్యాడు పదార్థం చక్రంలోని డిస్కు మీద సమంగా పూతలా పడుతుంది. తర్వాత వాక్యం ఘోరం. "వేడి బ్రేకును పూర్తి నిలుపుదల చేయకుండుట మేలు." బ్యాగులోంచి పెన్సిల్ తీసి అది కొట్టేసి, పైన "పూర్తిగా ఆపరాదు" అని రాశాను. ఉద్యోగ రోగం.

"తప్పుందా వదినగారూ?"

"తప్పు కాదు, పిరికితనం. వద్దని చెప్పాల్సిన చోట మేలు, గీలు అంటోంది. అసలు ఆపితే ఏమవుతుంది?"

"కాగుతున్న ప్యాడు ఒకేచోట ఆనించి ఉంచారనుకోండి, డిస్కు మీద దాని అచ్చు పడుతుంది. ఇక బ్రేకు వేసినప్పుడల్లా వణుకే."

అచ్చు పడటం గురించి నాకు చెబుతున్నాడు.

పాతవి ఇంకొన్నాళ్లు లాగుతాయట, రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే. దానికీ పూచీ మంత్రిగారిదే.

నవంబరు 8, శనివారం

ఇంటివే. నిర్ణయించేశాను. ఇందులో ఆలోచించడానికేముంది?

నవంబరు 9, ఆదివారం

ఇంటివి వేయిస్తే ఆయన ఆగినట్టు కాదు, నేను ఆపినట్టు. ఇక ఏ ఆదివారం ఆయన సోఫాలో ముడుచుకుని పడుకున్నా ఆ పడుకోవడం నా ఖాతాలోకి వస్తుంది. నోరారా వెళ్లొద్దని ఉంటే పోట్లాడుకునేవాళ్లం, అలిగేవాళ్లం, తర్వాత మామూలయ్యేవాళ్లం. ఈయన పోట్లాట లేకుండా పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎంత మర్యాదో.

దెయ్యాలు వేయిస్తే? అప్పుడు వెళ్లమన్నదీ నేనే.

నవంబరు 11, మంగళవారం

పెద్దరోడ్డు మరమ్మతులో ఉంది. ఖాళీగా ఉండే బైపాస్ మీదుగా వెళ్లాను. చాలా నెమ్మదిగా.

ఆఫీసులో కూర్చుని ప్యాడ్ల గురించి జనం రాసుకున్నవి చదివాను. ఒకాయన తన ప్యాడ్ల గురించి విడాకులిచ్చిన భార్య గురించి రాసినట్టు రాశాడు. మొదట్లో చాలా నమ్మానండీ, అని మొదలుపెట్టాడు. ఇంకొకాయన ఇంటి ప్యాడ్లకీ ట్రాక్ ప్యాడ్లకీ పట్టు ఎంత వేడి దగ్గర ఎలా మారుతుందో గీతలు గీసి పెట్టాడు. ఒక గీత ముందే లేచి ముందే వాలిపోతుంది. ఇంకోటి ఆలస్యంగా లేచి లేచే ఉంటుంది. రెండూ ఒకచోట దాటుకుంటాయి. ఆ చుక్కని చూస్తూ కూర్చున్నాను. నాకు కార్ల మీద ఏ ఆసక్తీ లేదు. ఎంచుకోమన్నారు కాబట్టి చదువుతున్నాను, అంతే.

నవంబరు 12, బుధవారం

మరమ్మతు. బైపాస్.

అమ్మాయి వెనక సీట్లోంచి, "అమ్మా, నువ్వు ప్యాడ్ల గురించి మాట్లాడుతుంటే మా ఫ్రెండు రికార్డు చేసుకుంది. వాళ్ల అన్నయ్యకి వినిపిస్తుందట," అంది.

"ఏం వినిపించక్కర్లేదు."

"'డిస్కు మీద పూత' అన్నప్పుడు నీ గొంతు మారింది తెలుసా?"

నవంబరు 13, గురువారం

అత్తయ్యని కంటి పరీక్షకి ఆయన దుకాణానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. దారిలో బ్రేకుల మాట ఎత్తాను, ఏదో మాటల్లో వచ్చినట్టు.

"వాడికి బ్రేకులు ఎప్పుడున్నాయని," అంది అత్తయ్య. "చిన్నప్పుడు సైకిలుకి ఉన్నవి కూడా పీకేశాడు. బరువట. దిగుడులో చెప్పు నేలకి ఆనించి ఆపేవాడు. కుడికాలి చెప్పు ఒక్కటే అరిగేది. ఎడమది కొత్తగా మెరుస్తూ ఉండేది."

"మరి మీరు ఆపలేదా?"

"ఎందుకాపుతాను? ఆపితే నాకు తెలియకుండా తొక్కేవాడు. ఆపలేదు కాబట్టి సాయంత్రం గుమ్మంలో చెప్పు తిరగేసి చూస్తే తెలిసిపోయేది, ఇవాళ ఎంత తిక్కగా వెళ్లాడో. మడమ వైపు అరిగితే పర్లేదు. వేళ్ల వైపు అరిగిన రోజు రెండు తగిలించేదాన్ని."

"తగిలించేవారా!"

"మరి? చూసి ఊరుకుంటానా?"

చెప్పు తిరగేసి చూడటం. నేను రాళ్లు ఏరాను. ఆవిడ చూసింది, తగిలించింది, మళ్లీ చెప్పులు కొనిచ్చింది. ఇందులో ఆపడం ఏది, ఆపకపోవడం ఏది? ఈ ఇంట్లో ఈ ప్రశ్న నాకొక్కదానికే పుట్టినట్టుంది.

నవంబరు 15, శనివారం

చెప్పేశాను. ఆయన అమ్మాయి కళ్లజోడు మరలు బిగిస్తున్నాడు.

"దెయ్యాలు," అన్నాను.

"ఏంటి?"

"ట్రాక్‌వి. మంత్రిగారికి చెప్పేశాను. బుధవారం వేస్తాడు."

స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆయన ముఖంలో ఏదో కదిలి వెళ్లిపోయింది. సంతోషమే అనుకుంటా. హఠాత్తుగా వచ్చిన సంతోషం కొందరిలో అలాగే కనిపిస్తుంది.

"పొద్దున్నే చలిలో అమ్మాయిని నువ్వే కదా దింపేది?" అన్నాడు.

"ముందు నేనొక్కదాన్నే వీధి చివరిదాకా వెళ్లి, బ్రేకులు నాలుగైదుసార్లు తొక్కి వేడి చేసి వస్తాను. తర్వాతే ఎక్కించుకుంటాను."

"రోజూనా?"

"రోజూ."

అమ్మాయి తల ఎత్తకుండా, "నేను బస్సులో పోతాలే. కాలేజీ గేటు ముందు ఆ కూత నాకొద్దు," అంది.

"ఆలోచించే చెప్తున్నావా?" అని ఆయన మళ్లీ అడిగాడు. ఒట్టేసిన మనిషి ఇన్నిసార్లు అడుగుతాడా?

కారణాలు రాసుకోవాలి. ఎలాగూ వెళ్తాడు కాబట్టి మంచివి ఉండటమే క్షేమం. ఇది మొదటిది. అత్తయ్య చెప్పింది. ఇది రెండోది. అత్తయ్య అలా ఏం చెప్పలేదు. రెండోది కొట్టేస్తున్నాను.

నవంబరు 17, సోమవారం

"పెద్దరోడ్డు మరమ్మతా? అది అయిపోయి చాలా రోజులైందిగా," అన్నాడు ఆయన.

నాకు తెలియదు. నేను అటు వెళ్లట్లేదు కదా.

నవంబరు 19, బుధవారం

మంత్రిగారు చరిత్రలో మొదటిసారి అన్న రోజుకి పని చేశాడు. మొదటి తొక్కుకి కారు "ఏంటీ?" అన్నట్టు కాస్త ముందుకి జారి ఆగింది. కూసింది. వీధిలో కుక్క లేచి నిలబడింది.

అలవాటు చెయ్యడం ఆయనే శనివారం పొద్దున చేస్తానన్నాడు. ఆయనకి ఆ రోజు తీరిక ఉండదు, నాకు తెలుసు.

నవంబరు 20, గురువారం

చేశాను. నేనే చేశాను.

ఆఫీసుకి సెలవు పెట్టలేదు, ఆలస్యంగా వస్తానన్నాను. గిడ్డంగుల వెనక రోడ్డు పొద్దుటిపూట ఖాళీగా ఉంటుందని మంత్రిగారు చెప్పాడు. నేను అడిగితేనే చెప్పాడు. తాళం తీస్తుంటే అత్తయ్య చేతిసంచీతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "ఎక్కడికో నాకూ తెలుసు. నడువు," అంది. "ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడమంటావా?"

రోడ్డు సూటిగా ఉంది. రెండువైపులా రేకుల గోడలు. ఎవరూ లేరు. మొదటిసారి వేగం అందుకుని తొక్కినప్పుడు అత్తయ్య సంచీ కిందకి జారింది. "అమ్మో" అంది. రెండోసారి సంచీని ఒళ్లో రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత్తర్వాత "అమ్మో" పోయి "ఊఁ" వచ్చింది. ఆ తర్వాత, "ఇందాకటికంటే తక్కువ వెళ్లావు, చూసుకో," అంది.

మాటల్లో పెట్టడం నాకు చేతకావట్లేదు. తొక్కిన ప్రతిసారీ పట్టు ఎక్కువవుతోంది. మొదట్లో చెక్కని తొక్కినట్టు ఉన్న పెడల్, చివరికి మనిషి చెయ్యి పట్టుకున్నట్టు అయింది. నేనెంత అడిగితే అంతే ఇస్తోంది, వేలంత ఎక్కువా లేదు తక్కువా లేదు. కాలిన వాసన. వాసన వస్తుందని కాగితంలో ఉంది. వొంట్లో రక్తం ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలిసింది. ఇంటి గురించి గానీ, ఆయన గురించి గానీ, ఇరవై మూడు గురించి గానీ ఒక్క ఆలోచన రాలేదు. నాకు ఆలోచన రాకపోవడం!

చివరిసారి కారు పూర్తిగా ఆపేశాను. అత్తయ్య కళ్లజోడు ఎగిరి కింద పడింది, అందుకని ఆపాను. ఆవిడ వంగి వెతుక్కుంటుంటే పెడల్ మీద కాలు అలాగే ఉంచాను. కారు కదిలితే ఆవిడ తల తగులుతుంది కదా. కళ్లజోడు దొరికింది. ఏం విరగలేదు.

తిరిగి నెమ్మదిగా వచ్చాం. "మీవాడికి చెప్పకండి," అన్నాను. "నువ్వు చెప్పకు, నేను చెప్పను. నీ ముఖం చెప్తుంది," అంది.

నవంబరు 21, శుక్రవారం

ఆఫీసులో వరసగా పేజీలు దిద్దాను. ఒక్క కామా దగ్గర కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంత హాయిగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఆయనకి చెప్పాను, బ్రేకులు అలవాటు చేసేశానని. "నువ్వా?" అన్నాడు.

ఇంటికొస్తుంటే పెడల్ కింద ఏదో. రోడ్డు బాగాలేదేమో.

నవంబరు 22, శనివారం

రోడ్డు కాదు.

పొద్దున ఆయన కారు తీసుకెళ్లి త్వరగానే వచ్చాడు. తాళం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నేను పప్పు కడుగుతున్నాను.

"వణుకుతోంది," అన్నాడు. "బ్రేకు వేస్తే స్టీరింగంతా చేతుల్లో ఊగుతోంది. డిస్కు మీద అచ్చు పడింది. వేడి మీద పూర్తిగా ఆపావా?"

"అత్తయ్య కళ్లజోడు పడింది. అందుకని ఆపాల్సి వచ్చింది."

పక్కగదిలోంచి అత్తయ్య గొంతు. "కళ్లజోడా? అది నువ్వు ఆపాక కదమ్మాయ్ పడింది! అంత గట్టిగా ఆపితే పడక ఏమవుతుంది?"

నీళ్లు అలాగే పారుతున్నాయి.

"ముందు పడలేదా?" అన్నాను.

"ముందెందుకు పడుతుంది? అన్నిసార్లు తొక్కావు, చెక్కు చెదరలేదు. నువ్వు ఆపావు, అది పడింది, నేను వెతుక్కున్నాను. నువ్వేమో స్టీరింగు పట్టుకుని బొమ్మలా కూర్చున్నావు. ఏమ్మా అంటే పలకలేదు."

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. జేబులోంచి మడత కాగితం తీశాడు. మంత్రిగారు డబ్బాతోపాటు ఇచ్చిందే. దాని మీద నా పెన్సిల్ రాత. పూర్తిగా ఆపరాదు.

"ఇది నీ రాతేగా?"

"నాదే."

"అచ్చుతప్పన్నమాట," అన్నాడు. నవ్వాలని చూశాడు. తర్వాత, నేను ఇది రాయకుండా ఉండలేను, భుజాలు కొద్దిగా కిందకి దిగాయి ఆయనకి. "అయితే రేపు కుదరదు. ఈ వణుకుతో వెళ్లలేం. వాళ్లకి ఫోన్ చేసి చెప్తాను," అన్నాడు. సెలవు మంజూరైన మనిషిలా లేచాడు. ఫోన్‌లో ఆయన గొంతు వినిపించింది. "లేదు లేదు, బ్రేకుల్లో చిన్న తేడా. లేకపోతే వచ్చేవాణ్ణే."

లేకపోతే వచ్చేవాడేనా? దెయ్యాలన్నప్పుడు ఆ ముఖంలో కదిలింది సంతోషం కాదు. ఆ రోజే తెలుసు. సంతోషమని రాసుకున్నాను. ఆ రాళ్లలోకి జారిన తర్వాత ఆయనకి భయం పట్టుకుంది. నేను వద్దంటే ఆగిపోదామని చూశాడు. వద్దనే మాట నా నోటితో రావాలి, అంతే ఆయనకి కావాల్సింది.

నవంబరు 23, ఆదివారం

ట్రాక్‌కి వెళ్లాల్సిన పొద్దున ఇద్దరం గిడ్డంగుల రోడ్డుకి వెళ్లాం. మళ్లీ వేడి చేస్తూ, ఈసారి ఆపకుండా, తొక్కితే అచ్చు కొంతవరకు చెరుగుతుందట. మంత్రిగారి పూచీ.

"నువ్వే నడుపు," అన్నాడు ఆయన. "తప్పు ఎవరిదో దిద్దుబాటూ వాళ్లదే."

వేగం అందుకున్నాను. ఆయన చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. ఇంతకాలం ఆయన పక్కన నేను కూర్చుని అదే పిడిని పట్టుకున్నాను. తొక్కాను. స్టీరింగు ఊగింది. కాలు తీసి మళ్లీ వేగం.

"కొంచెం చూసుకుని..." అన్నాడు.

"ఎంత కొంచెం?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆయన పిడి మాత్రం వదల్లేదు. వణుకు ప్రతిసారికీ తగ్గుతూ వచ్చింది. చివర్లో ఆపలేదు. పెడల్ మీంచి పాదం ఎత్తి, కారుని దాని మానాన పోనిచ్చాను, చల్లబడేదాకా. పూర్తిగా పోలేదు. నెమ్మదిగా బ్రేకు వేస్తే అరికాలి కింద చిన్న అదురు. ఆయనకి తెలియట్లేదట. నాకు తెలుస్తోంది.

"భయపడ్డారా?" అన్నాను ఇంటి మలుపులో.

"ఇవాళా, ఆ రోజా?"

"ఆ రోజు."

"రాళ్లు కాళ్ల కింద గలగలమంటుంటే అమ్మ గుర్తొచ్చింది. చెప్పు తిరగేసి చూస్తుందే, ఆ చూపు." తర్వాత, "నువ్వు వద్దంటావనుకున్నా," అన్నాడు.

"తెలుసు," అన్నాను. అబద్ధం కాదు, నిజం కూడా కాదు.

డిసెంబరులో మళ్లీ ట్రాక్ ఉందట. ఆ మాట ఎత్తింది ఆయన కాదు, నేను. వెళ్తాడో లేదో ఆయనే తేల్చుకోవాలి. ఈసారి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టనివ్వను.

నాది మాత్రం తేలట్లేదు. ఆ గురువారం కళ్లజోడు పడకముందే నా కాలు దిగింది, అది ఒప్పుకుంటున్నాను. ఆపరాదని నా చేత్తో నేనే దిద్దిన వాక్యం, మరిచిపోయే వీలు లేదు. అయితే ఎందుకు ఆపాను? దెయ్యాలన్నప్పుడు ఆయన ముఖం చూశాను కాబట్టి, వద్దనే మాట నోటితో అనలేక కాలితో అన్నానా? లేక ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని లోపల ఎవరో అడుగుతుంటే, ఆ అడిగేది నేనేనని తెలిసి, నన్ను నేను ఆపుకున్నానా? పొద్దుటి నుంచి రెండు కారణాలనీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకసారి ఇది బాగా కనిపిస్తోంది, ఒకసారి అది.

తెలియదు. రేపు ఆఫీసుకి పెద్దరోడ్డు మీదుగా వెళ్తానో, బైపాస్ మీదుగా వెళ్తానో అదీ తెలియదు.